తాళంచెవి నుంచి స్మార్ట్‌ఫోన్ దాకా: హోటల్ గది తలుపు దేనిని గుర్తుపడుతుంది?



ఈనాటి పాఠం కోసం మూడు వస్తువులు తెచ్చాను. ఒక్కొక్కటే బల్లమీద పెడతాను, చూడండి. మొదటిది ఇత్తడి తాళంచెవి. దీనికి గొలుసుతో ఒక బరువైన చెక్కముక్క వేలాడుతోంది. దానిమీద 204 అని గది నంబరు చెక్కి ఉంది. అతిథి మరచిపోయి తాళంచెవిని జేబులో వేసుకుని ఊరు వెళ్ళిపోకూడదని పాత లాడ్జీలవాళ్ళు ఇంత బరువు తగిలించేవారు. రెండవది తెల్లటి ప్లాస్టిక్ కార్డు. దీనిమీద గది నంబరు లేదు, పళ్ళు లేవు, బరువూ లేదు. మూడవది మీకందరికీ తెలిసినదే, స్మార్ట్‌ఫోన్.

ఈ మూడూ చేసే పని ఒక్కటే. హోటల్ గది తలుపు తెరుస్తాయి. ఈ రోజుల్లో కొన్ని హోటళ్ళలో రిసెప్షన్ దగ్గర తాళంచెవి కోసం నిలబడవలసిన పని లేదు. ముందుగానే ఫోనులోకి అనుమతి వస్తుంది. నేరుగా గది దగ్గరకు వెళ్ళి ఫోను చూపిస్తే గడియ వెనక్కు జరుగుతుంది.

చూడటానికి ఇదంతా వింతగా ఉంటుంది. కానీ మనం సైన్సు విద్యార్థులం కాబట్టి వింత దగ్గర ఆగిపోకూడదు. ఒక ప్రశ్న వేసుకుందాం. తలుపు లోపలికి రానిస్తున్నది ఎవరిని? మిమ్మల్నా? మీ చేతిలోని వస్తువునా? లేక ఆ వస్తువులో దాగి ఉన్న మరొకదాన్నా? ఈ ప్రశ్నను పాఠం చివరిదాకా గుర్తుపెట్టుకోండి. పరాయి ఊళ్ళో, పరాయి గదిలో నిశ్చింతగా నిద్రపోగలమా అన్నది దీని జవాబు మీదే ఆధారపడి ఉంది.

ఇత్తడిమీద రాసిన సంఖ్య

ముందుగా ఇత్తడి తాళంచెవిని పరిశీలిద్దాం. అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంట్ పొందిన పిన్ తాళం నమూనానే కొద్దిపాటి మార్పులతో ప్రపంచమంతటా నేటికీ వాడుతున్నారు. అసలు సూత్రం ఇంకా పాతది. ప్రాచీన కాలంలోనే పశ్చిమాసియాలోనూ ఈజిప్టులోనూ చెక్కతో చేసిన పిన్ తాళాలు ఉండేవి.

తాళం లోపల ఒక గుండ్రటి దిమ్మ ఉంటుంది. దాని పైన వరుసగా పిన్నులు, వాటిని కిందికి నొక్కుతూ స్ప్రింగులు ఉంటాయి. ప్రతి పిన్నూ రెండు ముక్కలుగా ఉంటుంది. తాళంచెవి లోపలికి దూర్చినప్పుడు దాని పళ్ళు పిన్నులను వేరువేరు ఎత్తులకు లేపుతాయి. అన్ని పిన్నుల అతుకులూ సరిగ్గా దిమ్మ అంచు దగ్గర ఒకే వరుసలోకి వస్తేనే దిమ్మ తిరుగుతుంది. ఒక్క పిన్ను కాస్త ఎక్కువ లేచినా, తక్కువ లేచినా తిరగదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. తాళంలో 5 పిన్నులు ఉన్నాయి, ఒక్కొక్క పిన్నుకు 6 రకాల ఎత్తులు సాధ్యం అనుకోండి. అప్పుడు ఎన్ని రకాల తాళంచెవులు చేయవచ్చు? 6ను 5 సార్లు వేసి గుణించాలి. జవాబు 7,776. ఆ ఎత్తులకు 1 నుంచి 6 దాకా అంకెలు ఇస్తే నా చేతిలోని తాళంచెవిని 3, 1, 5, 2, 6 అని చదవవచ్చు. అంటే ఇది ఇత్తడి ముక్క అన్నది పైకి కనిపించే సంగతి. నిజానికి ఇది ఇత్తడిమీద రాసిన అయిదంకెల సంఖ్య.

ఈ విషయం అర్థమైతే హోటల్‌వాళ్ళ కష్టం కూడా అర్థమవుతుంది. ఇంటి తాళంచెవి ఇంట్లోవాళ్ళ దగ్గరే ఉంటుంది. హోటల్ గది తాళంచెవి రోజుకొకరి చేతిలో పడుతుంది. నిన్నటి అతిథి బజారులో దానికి నకలు చేయించుకుని ఉండవచ్చు. తాళంలోని సంఖ్య మారలేదు కాబట్టి ఆ నకలు ఈ రాత్రికి కూడా పనిచేస్తుంది. సంఖ్య మార్చాలంటే తాళం విప్పి పిన్నులు మార్చాలి. అది రోజూ చేసే పని కాదు.

దీనికి తోడు మాస్టర్ కీ ఒకటి ఉంటుంది. గదులు శుభ్రం చేసేవాళ్ళకు అన్ని తలుపులూ తెరిచే తాళంచెవి అవసరం. అందుకని ప్రతి తాళంలోనూ రెండు సంఖ్యలు అంగీకరించేలా పిన్నులకు అదనపు అతుకులు పెడతారు. ఈ ఏర్పాటులోని లోపాన్ని అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త మాట్ బ్లేజ్ గణితం ద్వారా వివరించారు. 2003లో ఆ సంగతి అందరికీ తెలిసింది. ఒక గది తాళంచెవి, దాని తాళం దగ్గర ఉన్నవాడు 7,776 ప్రయత్నాలు చేయనక్కరలేదు. నాలుగు స్థానాలు తన తాళంచెవిలో ఉన్నట్టే ఉంచి, ఒక్క స్థానాన్ని మాత్రం మార్చి చూడవచ్చు. అలా స్థానానికి 5 చొప్పున, మొత్తం 25 ప్రయత్నాలలోపే మాస్టర్ కీ సంఖ్య బయటపడుతుంది. 7,776 ఎక్కడ, 25 ఎక్కడ! సాధ్యాల సంఖ్య పెద్దగా ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదు. దొంగకు ఆ చిక్కును ముక్కలుగా విడగొట్టే అవకాశం ఉందా లేదా అన్నదే అసలు సంగతి.

సంఖ్య మారడం నేర్చుకుంది

ఇప్పుడు రెండవ వస్తువు, కార్డు. 1970లలో నార్వేకు చెందిన టోర్ సోర్నెస్ హోటళ్ళ కోసం ఒక కొత్త తాళం రూపొందించారు. దానికి తాళంచెవి ఒక ప్లాస్టిక్ కార్డు. కార్డులో 32 స్థానాలు ఉండేవి. ప్రతి స్థానంలోనూ రంధ్రం ఉండవచ్చు, లేకపోవచ్చు. అంటే స్థానానికి రెండే సాధ్యాలు. 2ను 32 సార్లు గుణించి చూడండి. 429 కోట్ల పైచిలుకు వస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. అతిథి మారినప్పుడు తాళాన్ని విప్పకుండానే కొత్త కార్డుకు సరిపడేలా మార్చుకోవచ్చు. తాళంలోని సంఖ్య మారడం నేర్చుకుందన్నమాట.

తరువాత రంధ్రాల స్థానంలో అయస్కాంత పట్టీ వచ్చింది. 1960లలో ఐ.బి.ఎం. ఇంజనీరు ఫారెస్ట్ ప్యారీ చేసిన కృషి నుంచి పుట్టిన పద్ధతి ఇది. కార్డు వెనుక నల్లటి గీతలో సన్నటి అయస్కాంత కణాలు ఉంటాయి. అవి ఏ దిశలో అయస్కాంతీకరణం చెందాయన్న దానిని బట్టి 0, 1 అంకెలు ఏర్పడతాయి. అయస్కాంతపు బొత్తం ఉన్న సంచిలో పెడితే ఆ అంకెలు చెరిగిపోయి కార్డు పనిచేయకుండా పోయేది.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఆ రకం కూడా కాదు. దీనిని తాళానికి ఆనిస్తే చాలు, గీయనక్కరలేదు. దీని లోపల ఒక చిన్న చిప్పు, దాని చుట్టూ సన్నటి తీగచుట్ట ఉన్నాయి. బ్యాటరీ మాత్రం లేదు. మరి చిప్పుకు విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తుంది? 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ గుర్తు తెచ్చుకోండి. తీగచుట్ట గుండా అయస్కాంత అభివాహం మారుతూ ఉంటే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. తాళంలోని తీగచుట్టలో దిశ మారుతూ సెకనుకు 1 కోటి 35 లక్షల 60 వేల ఆవర్తనాలు పూర్తిచేసే విద్యుత్తు ప్రవహిస్తుంది. దీనినే 13.56 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం అంటాం. కార్డు దగ్గరకు వచ్చినప్పుడు దానిలోని చుట్టలో విద్యుత్తు పుట్టి చిప్పు మేలుకుంటుంది. తన సమాచారం చెప్పి మళ్ళీ నిద్రపోతుంది.

కార్డును అంత దగ్గరగా ఎందుకు ఆనించాలి? చిన్న తీగచుట్ట దగ్గరి అయస్కాంత క్షేత్రం దూరపు ఘనానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. దూరం రెట్టింపు అయితే క్షేత్రం ఎనిమిదో వంతు అవుతుంది. పది రెట్లయితే వెయ్యో వంతు. అందుకే ఇది కొద్ది సెంటీమీటర్ల ముచ్చట.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. చాలా హోటళ్ళలో తలుపు తాళానికి ఇంటర్నెట్ ఉండదు. లోపల చిన్న బ్యాటరీ సెల్స్ మీద నడిచే సర్క్యూటు, ఒక గడియారం ఉంటాయి, అంతే. రిసెప్షన్‌లో కొత్త కార్డు ఇచ్చిన సంగతి తలుపుకు ఎలా తెలుస్తుంది? తలుపుకు ఎవరూ చెప్పరు. కార్డే ఆ వార్తను మోసుకువస్తుంది. గది ఏది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఇది ఎన్నవ అతిథి కార్డు అన్న సమాచారం దానిలో ఉంటుంది. తనకు తెలిసిన వరుస సంఖ్యకంటే కొత్త సంఖ్య కనిపిస్తే తాళం పాత కార్డును రద్దు చేసుకుంటుంది. బస్సు టికెట్టు మీద తేదీ, ఊరు చూసి కండక్టరు ఒప్పుకోవడం లాంటిదే ఇది. కండక్టరు ప్రతిసారీ డిపోకు ఫోను చేయడు. టికెట్టు అసలుదా నకిలీదా అని మాత్రం చూస్తాడు.

ఫోను రంగప్రవేశం

మూడవ వస్తువుకు వద్దాం. 2014 నవంబరులో స్టార్‌వుడ్ అనే అమెరికా హోటళ్ళ సంస్థ ప్రపంచంలోని కొన్ని నగరాలలో ఉన్న తన 10 హోటళ్ళలో స్మార్ట్‌ఫోన్‌ను గది తాళంచెవిగా ప్రవేశపెట్టింది. తరువాత 2016లో ఆ సంస్థ మారియట్‌లో కలిసిపోయింది. హిల్టన్ 2015లో ఈ బాట పట్టింది. 2021 డిసెంబరులో హయత్ అమెరికాలోని 6 హోటళ్ళలో ఐఫోన్ వ్యాలెట్‌లోనే తాళంచెవి ఉంచే ఏర్పాటు మొదలుపెట్టింది.

ఫోను తాళంతో రెండు విధాలుగా మాట్లాడుతుంది. ఒకటి ఎన్.ఎఫ్.సి. ఇది ఇప్పుడు మనం చెప్పుకున్న 13.56 మెగాహెర్ట్జ్ పద్ధతే. ఫోను కార్డు వేషం వేస్తుంది. కొన్ని ఫోన్లలో బ్యాటరీ అయిపోయి తెర ఆరిపోయాక కూడా కొన్ని గంటలపాటు ఈ భాగం పనిచేసేలా ఏర్పాటు ఉంది. రెండవది తక్కువ విద్యుత్తుతో పనిచేసే బ్లూటూత్. దీని పౌనఃపున్యం 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. ఇది కొన్ని మీటర్ల దూరం నుంచే పలుకుతుంది.

అయితే తాళం, ఫోను మాట్లాడుకునే మాటలు గాలిలో ప్రయాణిస్తాయి. పక్కన ఎవరైనా వినవచ్చు. ఫోను తన రహస్య సంఖ్యను పైకి చెప్పేస్తే విన్నవాడు మరుసటి రోజు అదే సంఖ్య చెప్పి లోపలికి వెళ్ళిపోతాడు. మరి రహస్యం చెప్పకుండానే రహస్యం తెలుసని నిరూపించడం ఎలా?

ఒక ఆట ఆడదాం. నేను తాళం, మీరు ఫోను. మనిద్దరికీ మాత్రమే తెలిసిన రహస్య సంఖ్య 7. నేను ప్రతిసారీ ఒక కొత్త సంఖ్య అడుగుతాను. మీరు దానిని రహస్య సంఖ్యతో గుణించి చివరి రెండు అంకెలు మాత్రం చెప్పాలి. నేను 23 అన్నాను. 23ను 7తో గుణిస్తే 161. మీరు 61 అంటారు. నేను కూడా లోపల అదే లెక్క వేసుకుని సరిచూసుకుని తలుపు తీస్తాను. పక్కన విన్నవాడికి 23, 61 తెలుసు. కానీ రేపు నేను 23 అడగను, 48 అడుగుతాను. వాడి దగ్గర 61 ఉండి ప్రయోజనం లేదు.

ఆగండి, తెలివైన దొంగ ఉన్నాడనుకోండి. 23ను దేనితో గుణిస్తే చివర 61 వస్తుందని 0 నుంచి 99 దాకా వరుసగా ప్రయత్నిస్తాడు. రహస్యం దొరికిపోతుంది. కాబట్టి మన ఆటలోని నియమం చాలా బలహీనమైనది. నిజమైన వ్యవస్థలలో ఇంత తేలికగా వెనక్కు నడవలేని గణిత ప్రక్రియలు వాడతారు. 2001లో అమెరికా ప్రమాణంగా స్వీకరించిన ఏ.ఇ.ఎస్. అలాంటిదే. దానిలో 128 బిట్ల రహస్య సంఖ్య వాడితే సాధ్యాలు ఎన్నో తెలుసా? 39 అంకెలున్న సంఖ్య. ఒక్కొక్కటే ప్రయత్నించి చూడటం ఏ కంప్యూటరు వల్లా అయ్యే పని కాదు. మంచి ఫోన్లలో ఈ రహస్య సంఖ్యను మిగతా యాప్‌లు తాకలేని ప్రత్యేకమైన చిప్పులో ఉంచుతారు. పైగా వేలిముద్రో, ముఖమో చూపితేగాని ఫోను తెరుచుకోదు. కార్డు పోతే దొరికినవాడు వాడుకోగలడు. తాళం వేసిన ఫోను పోతే అది అంత తేలిక కాదు. ఇది ఫోనుకున్న నిజమైన లాభం.

బ్లూటూత్‌లో మరొక చిక్కు ఉంది. ఫోను నిజంగా తలుపు దగ్గరే ఉందా? ఒకడు తలుపు దగ్గర, ఒకడు మీ వెనుక నిలబడి, తాళం మాటలను మీ ఫోనుకూ మీ ఫోను మాటలను తాళానికీ చేరవేస్తే, మీరు భోజనశాలలో ఉండగానే తలుపు తెరుచుకునే ప్రమాదం ఉంది. గూఢలిపిని ఛేదించనక్కరలేదు, మోసుకుపోతే చాలు. బ్లూటూత్‌తో తెరుచుకునే కార్లమీదా ఇంటి తాళాలమీదా ఇది సాధ్యమేనని 2022లో పరిశోధకులు చూపించారు. తలుపు దగ్గరకు వచ్చాక తెరమీద మీరు స్వయంగా మీట నొక్కాలని యాప్ అడుగుతుంటే విసుక్కోకండి. ఆ చిన్న శ్రమ ఈ మోసానికి ఒక అడ్డు.

తాళం వేసి గొళ్ళెం మరచినట్టు

ఇంత గణితం ఉన్నా తాళాలు ఓడిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఎందుకు ఓడాయో తెలుసుకోవడం మన పాఠంలో ముఖ్యభాగం.

మైఫేర్ క్లాసిక్ అనే చిప్పును ప్రపంచమంతటా రవాణా కార్డులలోనూ హోటల్ కార్డులలోనూ విరివిగా వాడేవారు. దాని రహస్య సంఖ్య 48 బిట్లు. సాధ్యాలు సుమారు 281 లక్షల కోట్లు. లోపలి గణిత ప్రక్రియను తయారీదారు రహస్యంగా ఉంచాడు. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అది బలహీనమైనదని నిరూపించారు. వ్యాసం ప్రచురించకుండా ఆపమని తయారీ సంస్థ కోర్టుకు వెళ్ళింది. కోర్టు ఆపలేదు.

2012 జూలైలో కోడీ బ్రోషస్ అనే యువకుడు లాస్ వెగాస్‌లో జరిగిన ఒక సదస్సులో ఓనిటీ సంస్థ హోటల్ తాళాల లోపం చూపించాడు. తాళం అడుగున, సిబ్బంది తమ పరికరం తగిలించుకునేందుకు ఒక చిన్న రంధ్రం ఉంది. 50 డాలర్లకు లోపు ఖర్చుతో చేసిన పరికరాన్ని అక్కడ తగిలిస్తే, తాళం ఎవరు నువ్వని అడగకుండానే తన జ్ఞాపకంలోని రహస్యాన్ని ఇచ్చేస్తుంది. మన సామెత ఉంది కదా, తాళం వేసి గొళ్ళెం మరచినట్టని, సరిగ్గా అదే. కొద్ది నెలల్లోనే టెక్సాస్‌లో ఈ పద్ధతితో హోటల్ గదుల్లో దొంగతనాలు జరిగాయి.

2003లో బెర్లిన్‌లోని ఒక హోటల్ గదిలో ఒక లాప్‌టాప్ పోయింది. తలుపు పగలగొట్టిన గుర్తు లేదు. ఆ సంఘటన ఇద్దరు ఫిన్లాండ్ పరిశోధకులలో ఆసక్తి రేపింది. ఏళ్ళ తరబడి పనిచేసి 2018లో టోమి టువోమినెన్, టిమో హిర్వొనెన్ ఫలితం ప్రకటించారు. గడువు తీరిన ఒక్క కార్డు దొరికినా దాని నుంచి మొత్తం హోటల్ మాస్టర్ కీ తయారు చేయవచ్చు. తయారీ సంస్థకు ముందే చెప్పి, మరమ్మతు సిద్ధమయ్యాకే వారు లోకానికి చెప్పారు.

2024 మార్చిలో మరొక బృందం సాఫ్‌లాక్ తాళాల లోపాన్ని ప్రకటించింది. 131 దేశాలలో 13,000 భవనాలు, 30 లక్షలకు పైగా తలుపులు. 2022లోనే తయారీదారుకు చెప్పినా, 2024 మార్చి నాటికి బాగుచేసినవి సుమారు 36 శాతమే. కారణం ఊహించండి. ఫోనులోని యాప్‌ను రాత్రికి రాత్రి మార్చవచ్చు. తలుపు తాళాన్ని మార్చాలంటే మనిషి ప్రతి తలుపు దగ్గరకూ నడిచి వెళ్ళాలి. ఫోను ఎంత కొత్తదైనా, తలుపుమీదున్న తాళం పాతదైతే, అది పాత కార్డును కూడా ఒప్పుకుంటుంటే, మీ భద్రత ఆ పాత కార్డంతే.

లోపాలు ఇలా బయటపెట్టడం దొంగలకు దారి చూపించడం కాదా అని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్న కొత్తది కాదు. 1851లో లండన్ మహాప్రదర్శన సమయంలో అమెరికాకు చెందిన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్, తెరవడం అసాధ్యమని పేరుపడిన బ్రామా తాళాన్ని 16 రోజులలో మొత్తం 51 గంటలు శ్రమించి తెరిచాడు. అప్పుడూ ఇదే చర్చ నడిచింది. 1883లో ఆగస్ట్ కెర్‌కాఫ్స్ ఒక సూత్రం చెప్పారు. వ్యవస్థ ఎలా పనిచేస్తుందో శత్రువుకు తెలిసిపోయినా నష్టం రాకూడదు. రహస్యంగా ఉండవలసింది తాళంచెవి ఒక్కటే. పదిమంది పరీక్షించి, తప్పులు చూపి, దిద్దిన వ్యవస్థే నిలుస్తుంది. సైన్సులో సిద్ధాంతాలకు వర్తించే నియమమే తాళాలకూ వర్తిస్తుంది.

తాళం చెప్పిన సాక్ష్యం

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఉపాధ్యాయుల శిక్షణ కోసం ఒక నగరంలో హోటల్‌లో దిగాం. రెండవ రోజు సాయంత్రం మాలో ఒకరి చేతిగడియారం కనిపించలేదు. అనుమానం గదులు శుభ్రం చేసే అమ్మాయి మీదికి పోయింది. మేనేజరు చిన్న పరికరం తెచ్చి తాళం జ్ఞాపకంలోని వివరాలు చదివాడు. ఇలాంటి తాళాలు ఏ కార్డు ఏ సమయంలో తలుపు తెరిచిందో దాచుకుంటాయి. మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకు ఆ అమ్మాయి కార్డుతో తలుపు తెరుచుకున్నట్టు వచ్చింది.

"అప్పుడు నేను కింద అన్నం తింటున్నానండీ" అందా అమ్మాయి. ఎవరూ వినిపించుకోలేదు. దాచకుండా చెబుతాను, సైన్సు పాఠాలు చెప్పే నేను కూడా యంత్రం చెప్పింది కాబట్టి నిజమేననుకున్నాను.

మాలో పెద్దవారైన భౌతికశాస్త్రం మాస్టారు ఒకరు మెల్లిగా అడిగారు. "అన్నం తినేటప్పుడు నీ కార్డు ఎక్కడ పెడతావమ్మా?" గోడకున్న మేకుకు తగిలిస్తామని, అందరి కార్డులూ అక్కడే ఉంటాయని చెప్పింది. అయిదు నిమిషాల్లో సంగతి తేలింది. పంపు బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీ గదిలోకి వెళ్ళడానికి సూపర్‌వైజరే ఆ కార్డు తీసుకువెళ్ళాడు. గడియారం మరునాడు మా సహోద్యోగి సంచి అడుగున బట్టల మధ్యే దొరికింది. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పడానికి వెళ్ళాం. ఆమె ఆ రోజు పనికి రాలేదు.

విద్యార్థులారా, ఆ తాళం అబద్ధం చెప్పలేదు. దానికి తెలిసింది అది చెప్పింది. ఏ కార్డు తెరిచిందో దానికి తెలుసు. ఏ చెయ్యి తెరిచిందో తెలియదు. సంఖ్యను మనిషిగా చదివిన తప్పు మాది. మొదట్లో మీకొక ప్రశ్న ఇచ్చాను కదా, దాని జవాబు ఇదే. తాళం మనిషిని గుర్తుపట్టదు, సంఖ్యను గుర్తుపడుతుంది. ఇత్తడిలో ఉన్నా, కార్డులో ఉన్నా, ఫోనులో ఉన్నా ఆ మాట మారదు. వేలిముద్ర తోడైన ఫోను సంఖ్యను మనిషికి కొంత దగ్గర చేస్తుంది. అయినా ఆ ఇద్దరి మధ్య ఖాళీ పూర్తిగా పూడిపోదు. ఆ ఖాళీలో ఉన్నదల్లా మన విచక్షణే.

అసలు తాళంచెవి ఎక్కడ ఉంది?

ఫోను వచ్చాక మరొక మార్పు జరిగింది. మీ ఫోనుకు అనుమతి పంపేది ఎక్కడో ఉన్న కంప్యూటరు. అంటే అసలు తాళంచెవుల గుత్తి అక్కడ ఉంది. అది దెబ్బతింటే?

2017 జనవరిలో ఆస్ట్రియాలోని యేగర్‌విర్ట్ అనే పర్వతప్రాంతపు హోటల్ వార్తల్లోకి వచ్చింది. కంప్యూటర్లను దుండగులు స్తంభింపజేసి డబ్బు అడిగారు. కొత్త కార్డులు తయారు చేయడం కుదరలేదు. హోటల్‌వాళ్ళు 2 బిట్‌కాయిన్లు, అప్పటి విలువలో సుమారు 1,500 యూరోలు చెల్లించారు. అతిథులు గదుల్లో బందీలయ్యారని కొన్ని పత్రికలు రాశాయి. అది నిజం కాదని యజమానే చెప్పారు. లోపలి నుంచి పిడి తిప్పితే తలుపు మామూలుగానే తెరుచుకుంటుంది. ఆ సంఘటన తరువాత మళ్ళీ పాతకాలపు తాళంచెవులు పెట్టుకుందామా అని ఆయన ఆలోచించారు.

సమాచారం సంగతి కూడా అంతే. 2018 నవంబరులో స్టార్‌వుడ్ అతిథుల వివరాల భాండాగారంలోకి 2014 నుంచే బయటివారు చొరబడ్డారని మారియట్ ప్రకటించింది. మొదట 50 కోట్లమంది అన్నారు, తరువాత సుమారు 38 కోట్ల రికార్డులకు మించవని లెక్క తేల్చారు. వాటిలో గూఢలిపిలో దాచని పాస్‌పోర్టు నంబర్లే 52 లక్షలకు పైగా ఉన్నాయి. ఒక్క గది తలుపూ తెరవకుండానే ఇంత జరిగింది. మన దేశంలో 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణకు చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. చెప్పిన పనికి అవసరమైన సమాచారమే తీసుకోవాలన్నది దానిలో ఒక మూలసూత్రం. తలుపు తెరిచే యాప్ మీ ఫోనులోని పరిచయస్తుల జాబితా అడిగితే, ఎందుకని మీరు అడగాలి.

ముగింపు

కాబట్టి ఫోను తాళంచెవి మంచిదా, చెడ్డదా? ఒక్క మాటలో చెప్పలేం. నకలు చేయడం, పారేసుకోవడం అనే పాత బాధలను అది బాగా తగ్గిస్తుంది. గడువు ముగియగానే సంఖ్య చెల్లకుండా పోతుంది. కానీ నమ్మకాన్ని ఇత్తడి నుంచి కంప్యూటర్‌కు, తాళం చేసేవాడి నుంచి ప్రోగ్రాం రాసేవాడికి మారుస్తుంది. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్ళకు, చార్జింగు అయిపోయిన ప్రయాణికుడికి మరొక దారి ఉంచని వ్యవస్థ ఎంత కొత్తదైనా మంచి వ్యవస్థ కాదు. మీరు ఎప్పుడైనా ఇలాంటి గదిలో దిగితే లోపలి నుంచి గొళ్ళెం కూడా పెట్టుకోండి. దానికి సంఖ్య లేదు, అందుకే దొంగిలించడానికీ వీలు లేదు.

ఇంటి దగ్గర ఆలోచించడానికి మూడు ప్రశ్నలు ఇస్తున్నాను. ఒకటి: 6 పిన్నులు, పిన్నుకు 7 ఎత్తులు ఉన్న తాళానికి ఎన్ని తాళంచెవులు సాధ్యం? మాట్ బ్లేజ్ పద్ధతిలో గరిష్ఠంగా ఎన్ని ప్రయత్నాలు చాలు? రెండు: మన ఆటలో తాళం 23కు బదులు 50 అడిగి ఉంటే, జవాబు విన్నవాడికి రహస్య సంఖ్య ఒక్కటే అని తేలుతుందా? మూడు: మీ బడిలో ప్రయోగశాల తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉంటుందో రాయండి. దానిలో గొళ్ళెం మరచిన చోటు ఎక్కడుందో గుర్తించండి.

మీలో కొందరు రేపు ఇలాంటి తాళాలు తయారుచేస్తారు. కొందరు వాటిని పరీక్షించి లోపాలు చూపిస్తారు. కొందరు హోటళ్ళు నడుపుతారు. ఏ పనిలో ఉన్నా, యంత్రం ఒక సంఖ్య చెప్పినప్పుడు ఆ మాస్టారు అడిగిన ప్రశ్న ఒక్కసారి అడిగి చూడండి. ఆ సమయంలో కార్డు ఎక్కడ ఉంది?